ఎరుపు కూడా తీసేస్తే

హైమవతికి ఏడేళ్ళప్పుడు వాళ్ళన్నయ్య ఇంట్లోనే హరివిల్లు చేశాడు. పెద్ద హంగేమీ లేదు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, నాన్న గడ్డం గీసుకునే అద్దాన్ని అందులో ఏటవాలుగా ఆనించి, కిటికీలోంచి పడే ఎండలో పెట్టాడు. ఎదుటి గోడ మీద జానెడు వెడల్పున రంగులు విచ్చుకున్నాయి. చీరాలలో నూలుకు రంగులద్దే వాళ్ళ వాడలో రంగులకేం కొదవ, కాలవలో నీళ్ళు కూడా పూటకో రంగున పారతాయి. అయినా వాడలోని పిల్లలంతా ఎగబడి చూశారు. హైమ కూడా చూసింది. ఆమెకు గోడ మీద బూడిద పూసినట్టు ఒక మరక కనిపించింది, అంతే.

ఆ పిల్ల కళ్ళకు పుట్టుకతోనే రంగుల్లేవు. వెలుగూ నీడా తప్ప మూడోది ఎరగదు. ఆ సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు. చిలపలు, అంటే నూలు చుట్టలు, రంగువారీగా వేరు చెయ్యమని కూచోబెడితే ఎర్రవీ ఆకుపచ్చవీ ఒకే కట్టలో కలిపేసేది. ఒళ్ళు బద్ధకం అనుకుని నాన్న రెండు తగిలించేవాడు. పధ్నాలుగేళ్ళ భావన్నారాయణ మాత్రం ఆ రోజు కనిపెట్టాడు. అందరూ గోడ వంక చూస్తుంటే చెల్లెలు అందరి మొహాల వంకా చూస్తోంది. పిల్లలు వెళ్ళిపోయాక ఆమె చూపుడువేలు పట్టుకుని గోడకు ఆనించాడు.

“ఇదిగో, ఇక్కడ ఎరుపు. ఎండుమిరపకాయ నాలిక్కి తగిలితే ఎట్టా ఉంటదో అట్టా ఉంటది. జరుపు వేలు. ఇది పసుపు, మామిడిపండు వాసనన్నమాట. ఇక్కడ ఆకుపచ్చ, తడిగడ్డిలో కాలు పెట్టినట్టుంటది. నీకు కనపడకపోతే ఏం, నేన్చెప్తాలే.”

మర్నాటి నుంచి చిలపలు కట్టే దారానికి ముళ్ళు పడ్డాయి. ఎరుపుకు ఒకటి, నారింజకు రెండు, పసుపుకు మూడు, అలా ఊదా రంగుకు ఏడు. హైమ వేళ్ళతో తడిమి వేరు చేసేది. మళ్ళీ ఎన్నడూ కలపలేదు. నాన్న అదంతా తన దెబ్బల మహిమే అనుకుని సంతోషించాడు.

ఆ పిల్లే నలభై ఒకటో ఏటికి డాక్టర్ హైమవతి అయి, హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో వెలుతురు మీద పని చేస్తోంది. రంగు తెలియని మనిషికి కాంతిశాస్త్రం ఏమిటని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. రంగులు కనపడవు గానీ వాటి కొలతలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఏ రంగు తరంగం ఎంత పొడుగో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అన్నం రుచి తెలియకుండా బియ్యం తూకం మాత్రం తెలిసినట్టుండేది ఆమె చదువు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే పదకొండేళ్ళ పాటు ఒకే పని పట్టుకుని కూచుంది.

ఆ పదకొండేళ్ళలో ఆమె గాజుపాత్రలో, చిక్కటి లవణపు నీళ్ళలో ఒక స్ఫటికాన్ని పెంచింది. అరచేతిలో పట్టేంత అయ్యాక సానబెట్టి పట్టకం చేసింది. మామూలు పట్టకంలోకి ఒకవైపు నుంచి ఎండ పోతే రెండో వైపు నుంచి ఏడు రంగులుగా విడిపోయి వస్తుంది. దీంట్లోంచి రెండు హరివిళ్ళు వచ్చేవి, ఒకటి కుడిగోడ మీదికి, ఒకటి ఎడమగోడ మీదికి. వింత అది కాదు. కుడివైపు పసుపును మామూలు పావురం ఒకటీ, ఎడమవైపు అదే పసుపును రంగులు తెలియకుండా పుట్టిన పావురం ఒకటీ ఏకకాలంలో పావుగంట చూస్తే, రంగు తెలియని పావురానికి పసుపు తెలిసేది. ఏడు రంగుల బుల్లి దీపాల్లో పసుపు దాని దగ్గరికే సూటిగా పోయి గింజలు పొడిచేది. మామూలు పావురం మాత్రం ఆ దీపాన్ని ఆరిపోయిన దీపంలా దాటిపోయేది. తీసుకున్న రంగు నిలిచేది. ఇచ్చిన రంగు ఎన్నిసార్లు ప్రయత్నించినా వెనక్కి వచ్చేది కాదు. పుట్టుకతో ఖాళీగా ఉన్నచోటే నిండుతుంది తప్ప, నిండి ఖాళీ అయినచోటు మూసుకుపోతుంది.

నలభై జతల పావురాల మీద చేసింది. ఒక్కో జతకు ఒక్క రంగే. ఒకే పావురం చేత ఏడూ ఇప్పించి ఏమవుతుందో చూడలేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలి.

మనుషుల మీద చెయ్యడానికి ఇంకో పదేళ్ళు ఆగాలని కమిటీ తేల్చింది. కమిటీలు ఉన్నదే ఆగమనడానికి. కానీ ఈసారి అది సరైన మాటే చెప్పింది. హైమ పదేళ్ళకు తన వయసు లెక్కేసుకుంది. ఆ శనివారం స్ఫటికాన్ని పాత చీరముక్కలో చుట్టి, టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టి, చీరాల రైలెక్కింది.

భావన్నారాయణ నాన్న షెడ్డులోనే రంగుల మేస్త్రీ అయ్యాడు. పొయ్యి మీద తొట్టిలో నీళ్ళు ఎంత కాగాయో వేలు ముంచి చెప్పేవాడు. నీలానికి ఇంత వేడి, ఎరుపుకు అంత వేడి అని అతని వేలికి లెక్కలున్నాయి. అతను అద్దిన మిరపపండు ఎరుపు కోసం దూరదూరాల నుంచి నేతగాళ్ళు వచ్చేవారు. రంగు తప్పిన చిలపలు కూడా అతని దగ్గరికే వచ్చేవి. సోడా నీళ్ళలో ఉడకబెట్టి, ఒక్కో రంగూ దింపి, మళ్ళీ తెల్లనూలు చేసి ఇచ్చేవాడు. పైరంగులు తేలిగ్గా పోతాయనీ, ఎరుపు మొండిదై ఆఖర్న పోతుందనీ, అది కూడా పోయాక నూలు మల్లెపూవులా బయటపడుతుందనీ అతనికి ముప్ఫై ఏళ్ళ అనుభవం.

చెల్లెలు చెప్పింది విని అతను ఎంతోసేపు ఆలోచించలేదు. చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది, ఇహ నువ్వే చూసుకో అని నవ్వాడు. ఒక్క రంగు అనుకున్నారు. నేతలో అంతగా పని పడని ఊదా. హైమ వదిన మాణిక్యం గుమ్మంలో నిలబడి, ఇచ్చింది మళ్ళీ వస్తదా అని ఒక్కటే అడిగింది. రాదని హైమ దాచకుండా చెప్పింది.

షెడ్డు మీద గదిలో కిటికీ చెక్కకు రూపాయి బిళ్ళంత కన్నం చేశారు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఎండ అందులోంచి కర్రలా లోపలికి వచ్చింది. హైమ స్ఫటికాన్ని దానికి అడ్డం పెట్టింది. అన్నాచెల్లెళ్ళు వీపులు ఆనించుకుని చెరో గోడ వైపూ కూచున్నారు. మిగతా రంగులు కనపడకుండా అట్టలు అడ్డం కట్టి, ఊదా గీత ఒక్కటే వదిలింది. పావుగంట గడిచింది. కింద రోడ్డు మీద ఎవరో ఉప్పు అమ్ముకుంటూ పోయారు.

“పోయింది,” అన్నాడు భావన్నారాయణ. “వట్టి గోడే ఉంది ఇప్పుడు.”

హైమ గోడ వంకే చూస్తోంది. ఆమె గోడ మీద, బూడిద మరకలో, ఇంతవరకూ లోకంలో లేనిదేదో ఒకటి వచ్చి నిలబడింది. దానికి కొలత తెలుసు, పేరు తెలుసు. అది మాత్రం ఆ రెండింటిలోనూ ఎన్నడూ లేదు. ఆమె వంటింట్లోకి పరిగెత్తి, బుట్టలోని వంకాయ ఒకటి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడింది. పొద్దెక్కేదాకా అలాగే ఉంది. మాణిక్యం కూర ఆలస్యమవుతోందని విసుక్కోబోయి, ఆడబిడ్డ మొహం చూసి, ఆ ఒక్క వంకాయా వదిలేసి మిగతావి తరుక్కుంది.

ఒక్కటితో ఆగితే కథ లేదు. రుచి మరిగిన మనిషిని ఆపడం ఎవరి తరం. మరుసటి ఆదివారం ముదురు నీలి, ఆ పై ఆదివారం నీలం. నీలం వచ్చిన రోజు ఆమె మేడ మీద వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూసి ఏడ్చింది. ఇంత పెద్ద వస్తువును నలభై ఒక్క ఏళ్ళు తన నెత్తిమీద పెట్టుకుని తిరిగి కూడా ఎరగనందుకు ఆమెకు కోపం వచ్చింది. భావన్నారాయణ పక్కనే కూచుని, ఎట్టా ఉంది, ఎట్టా ఉంది అని చిన్నపిల్లాడిలా అడిగాడు. చిన్నప్పుడు నీలమంటే కుండలో నీళ్ళు గొంతులో దిగినట్టు అని తనే చెప్పాడు. అలాగే ఉందన్నయ్యా అంది హైమ. అతను ఆ మాటకు పొంగిపోయాడు. అతని తలపైనున్న ఆకాశం అప్పటికే మాసిన గోనెపట్టాలా ఉందని ఆమెకు చెప్పలేదు.

నాలుగో వారం శనివారం రాత్రి అన్నాల దగ్గర మాణిక్యం నవ్వుతూ ఒక మాటంది. “మీ అన్నయ్యకి తెల్లన్నం వడ్డిస్తే పులిహోర చేశావా అంటున్నారు. పొద్దున పాలు చూసి పసుపేసి కాచావా అన్నారు.”

హైమ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆమెకు అర్థమైంది. తెల్లటి వెలుగంటే వేరే వస్తువేమీ కాదు. ఏడూ కలిస్తేనే తెలుపు. అందులోంచి నీలాలు తీసేస్తే మిగిలేది పసుపే. అంటే అన్నయ్య దగ్గర్నుంచి రంగు ఒక్కటే రావడం లేదు, ఆ వెలుగే వచ్చేస్తోంది. ఆపాలి అనుకుంది. ఆ ఆపాలి అనుకోవడం పెరుగన్నం దాకా నిలిచింది. చెయ్యి కడుక్కునేసరికి ఇంకో లెక్క దొరికింది: నాకు పుట్టినప్పట్నుంచీ ఒక్క రంగూ లేదు, అయినా బూడిద వెలుగులో చూస్తూనే ఉన్నాను కదా, అన్ని రంగులూ పోయినా అన్నయ్యకూ అదే మిగులుతుంది. లెక్క చక్కగా ఉంది. తన బూడిద వెలుగు తనతో పుట్టిందనీ, అన్నయ్యకు అలాంటిదొకటి ఉందో లేదో తాను చూడలేదనీ ఆ లెక్కలో లేదు. తెలుసుకోవాలంటే ఒక్క పావురం చేత ఏడూ ఇప్పించి చూస్తే చాలు. దానికి నెలన్నర పడుతుంది. మర్నాడే ఆకుపచ్చ రావలసి ఉంది.

ఆకుపచ్చ వచ్చింది. పై వారం పసుపు. హైమ మాణిక్యం మెళ్ళో పసుపుతాడు చూసి, దాన్ని పట్టుకుని, ఇంత వెలుగు మెళ్ళో వేసుకుని రోజంతా పొయ్యి దగ్గరెట్టా కూచుంటున్నావు వదినా అంది. ఆరోవారం కనకాంబరాలు తెప్పించుకుని తల్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని హైదరాబాదు రైలెక్కింది. ఆమె వయసు పదేళ్ళు తగ్గినట్టుందని ఆఫీసులో వాళ్ళనుకున్నారు.

ఏడో వారం ఆమె శనివారం మధ్యాహ్నానికే దిగింది. మిట్టమధ్యాహ్నం షెడ్డులో ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. భావన్నారాయణ తొట్టి అంచు పట్టుకుని నడుస్తున్నాడు. కాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. కొత్త చిలప ఏ రంగుకొచ్చిందో మాణిక్యం చూసి చెబుతోంది. అన్నానికి కూచున్నప్పుడు మజ్జిగ కంచం పక్కన పోసుకున్నాడు.

హైమ అడిగింది. అడగలేదనడానికి వీల్లేదు. ఒక్కసారే అడిగింది.

“అన్నయ్యా, చీకటిగా ఉంటోందా?”

“చీకటి కాదమ్మాయ్, ఎరుపు. అన్నం ఎరుపు, పాలెరుపు, గోడలెరుపు. లోకాన్నంతా తీసుకెళ్ళి నా తొట్టిలో ముంచి లేపినట్టుంది.” అతను నవ్వాడు. “నూలు దింపేటప్పుడు ఇట్టాగే ఉంటది. పైరంగులన్నీ పోయి ఎరుపొక్కటి పట్టుకుని ఉంటది. మొండిది. అది కూడా తీసేస్తే తెల్లనూలు. ఆ ఒక్కటీ తీసెయ్యి, తేటపడిపోద్ది.”

మాణిక్యం కంచాలు తీస్తూ ఆగింది. “ఆ ఎరుపన్నా ఉండనీ హైమా. నా బొట్టన్నా కనపడుద్ది ఆయనకి.”

ముప్ఫై ఏళ్ళు తొట్ల దగ్గర నిలబడ్డ మనిషికి అంతకంటే వేరే ఎలా తోస్తుంది? రంగు దిగితే అడుగున తెలుపు ఉంటుంది, ఉండి తీరుతుంది. నూలుకు అది నిజమే. వెలుగుకు అడుగున తెలుపు లేదు. ఆ తేడా ఆ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ ఒక్క మనిషికీ మొట్టమొదటి ముడి, గోడ మీద వేలు మొదట ఆనిన చోటు, ఎండుమిరపకాయ ఘాటు, ఇంకా బాకీ ఉండిపోయింది. ఆమె దగ్గరున్న ఆరు రంగుల లోకంలో మాణిక్యం బొట్టు నల్లగా ఉంది.

తెలియక చేశానని హైమ తరవాత ఎవరితోనూ అనలేదు. చాలావరకు తెలుసు. తెలియని కాస్తనీ మంచివైపుకి లెక్కేసుకుంది.

ఆదివారం పొద్దున భావన్నారాయణ తలంటి పోసుకున్నాడు. ముందురోజే ఒక చిలపను సోడాలో ఉడకబెట్టి, మూడు నీళ్ళు జాడించి, ఎండబెట్టి ఉంచాడు. తన కుర్చీకి ఎదురుగా గోడకు మేకు కొట్టించి దాన్ని తగిలించమన్నాడు. అట్ట తీయగానే మొదట అదే చూస్తానన్నాడు. ఆరు వారాలైంది తెలుపు చూసి, పాలు తాగబుద్ధి కావట్లేదన్నాడు.

వీపులు ఆనించుకుని కూచున్నారు. ఎండ వచ్చింది. మాణిక్యం గదిలోకి రాలేదు, మెట్ల మీద కూచుంది. పావుగంటలో సగం గడిచాక హైమ ముందున్న గోడ మీద ఏదో కదిలి, వెచ్చబడి, నిలబడింది. నాలుక చివర నిజంగానే చురుక్కుమంది. వెనక అన్నయ్య వీపు ఒక్కసారి గట్టిగా ఆనుకుని మళ్ళీ వదులైంది.

ఆమె లేచి కిటికీ చెక్కలు రెండూ బార్లా తెరిచింది. గదినిండా ఎండ పడింది. మేకుకు వేలాడుతున్న చిలప మీద ఆమె కళ్ళు పడ్డాయి. ఆరు రంగుల్లో అది ఇందాకటిదాకా నీటిపాచిలా ఉండేది. ఇప్పుడు అది తెల్లగా ఉంది. ఏడూ చేరి ఒకటైన తెలుపు. తెలుపంటే ఇదా అనుకుంది. జన్మలో మొదటిసారి ఆమెకు తెల్లనిదేదో కనిపించింది. దాని ఎదురుగా అన్నయ్య, ఉతికిన చొక్కాలో, కళ్ళు బాగా తెరుచుకుని, చిలప వైపు మొహం పెట్టి కూచుని ఉన్నాడు.

“కిటికీ తెరువమ్మాయ్,” అన్నాడు. “ఎంతసేపు?”

ఎండ అతని మోకాళ్ళ మీద పడుతోంది. చెయ్యి చాపి, మోకాలి మీది ఎండను తడిమి చూసుకున్నాడు. అరచేయి తిప్పి మళ్ళీ చూసుకున్నాడు. చాలాసేపటికి, “తెరిచే ఉందా,” అన్నాడు నెమ్మదిగా.

ఆస్పత్రుల్లో కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. నరాలు బాగానే ఉన్నాయన్నారు. వెలుగు లోపలికి పోతోంది, అక్కడ అందుకునేవాళ్ళే లేరు. హైమ ఏడు పొద్దులు వరసగా అతన్ని అదే కుర్చీలో కూచోబెట్టి, తాను అటువైపు కూచుని, ఒక్కో రంగే తిరిగి ఇవ్వబోయింది. రాదని ఆమెకు పావురాలు ముందే చెప్పాయి. అతను ఓపిగ్గా కూచున్నాడు. ఏడోరోజు, ఇహ చాల్లే అమ్మాయ్, నడుం నొప్పెడతంది అని లేచాడు. ఆమె అతని కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. అతను ఆమె తల నిమురుతూ, ఆ సోడా లెక్క నాదేగదా, నువ్వేం చేస్తావు అన్నాడు. కొట్టి ఉంటే బాగుండుననుకుంది.

వాడలో వాళ్ళు, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నారు. కాదు, ఇది మందు కాదు. ఒకరికి కొండ నాలుక మొలిపించడానికి ఇంకొకరి నాలుక కోశారు. హైమ జరిగింది జరిగినట్టు రాసి పరిశోధనాలయానికి పంపింది. పావురాల నివేదిక చివర్న, ఇచ్చినవారికి వెలుగు మిగలదు అని ఒక్క వాక్యం చేర్చింది. ఉద్యోగం వాళ్ళు తీసేసేలోపే వదిలేసింది.

మాణిక్యం తొమ్మిది రోజులు ఆడబిడ్డతో మాట్లాడలేదు. పదో రోజు పొద్దున తొట్టి పక్కన ముక్కాలిపీట వేసింది.

“కూచో. నీకిప్పుడు కళ్ళున్నయ్యిగా.”

అలా డాక్టర్ హైమవతి రంగుల షెడ్డులో పనికి కుదిరింది. భావన్నారాయణ తొట్టిలో వేలు ముంచి వేడి చెప్పేవాడు, వాసన చూసి రంగుమందు పాళ్ళు చెప్పేవాడు. చిలప పైకి తీశాక ఏ రంగుకొచ్చిందని అడిగేవాడు. మొదటి రోజు ఆమె, తరంగం ఆరువందల ఇరవై ఉండొచ్చన్నయ్యా అంది. నంబర్లు తొట్టిలో కలవ్వమ్మా అన్నాడు అతను. కళ్ళు కొత్తవి, పేర్లు ఒక్కటీ రావు. కనకాంబరానికీ కాషాయానికీ తేడా కనిపించేది గానీ, ఏది ఏదో తెలిసేది కాదు. మూడు బానల ఎరుపు ఆమె చేతుల్లో పాడైంది. మాణిక్యం మాట్లాడకుండా వాటిని సోడాలో వేసి దింపింది. నెమ్మదిమీద హైమ మాట నేర్చుకుంది. దానిమ్మగింజ దాటింది, మిరపపండుకి ఇంకా రాలేదు, ఇంకో మునక పడాలి అనేది. అతను తలూపేవాడు. చిలపలు కట్టేటప్పుడు ఆమె దారానికి ముళ్ళు వేసేది. అతను తడిమి వేరు చేసేవాడు. ఆ ముళ్ళ గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

వైశాఖంలో ఒక పొద్దున కరెంటు పోయింది. పొయ్యిలు ఆర్పేసి పనివాళ్ళు ఇళ్ళకు పోయారు. భావన్నారాయణ ఉన్నట్టుండి, ఆ స్ఫటికం ఉందా, పారేశావా అని అడిగాడు. మాణిక్యం దాన్ని బియ్యం డబ్బాలో అడుక్కంటా పాతిపెట్టింది. ఆమె లేచి, బియ్యం తోడి, తీసి ఇచ్చింది.

అతనికి ఏమీ చెయ్యనక్కర్లేదట. ఊరికే చిన్నప్పటిలా గోడ మీద పడనివ్వమన్నాడు. పైగదిలో చెక్కలు మూసి, కన్నంలోంచి వచ్చే ఎండకు స్ఫటికం అడ్డం పెట్టింది హైమ. రెండు గోడల మీదా రెండు హరివిళ్ళు విచ్చుకున్నాయి. చీరాల వైశాఖపు ఎండ, చెయ్యి పెడితే కాలేంత ఉంది. ఆమె అన్నయ్యను గోడ దగ్గరికి తీసుకొచ్చి అతని చూపుడువేలు పట్టుకుంది. ఆ వేలికి ముప్ఫై ఏళ్ళ రంగు గోరు అంచున ఇంకా ఉంది. ఊదా దగ్గర ఆనించింది.

“ఇక్కడ వంకాయ,” అంది. “జరుపన్నయ్యా. ఇది నీలిమందు. ఇది కుండలో నీళ్ళు. ఇక్కడ తడిగడ్డి. ఇదిగో, మామిడిపండు వాసన. ఇది కనకాంబరం. ఇక్కడ మిరపకాయ. అంతే.”

ఆమె వేలు వదిలింది. అతను మాత్రం ఆగలేదు. ఎరుపు దాటి, రంగులేవీ లేని వట్టి గోడ మీదికి వేలు నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు. బెత్తెడు అవతల ఆగాడు. కాస్త వెనక్కి వచ్చాడు. మళ్ళీ అక్కడికే పోయాడు. తొట్టిలో వేలు ముంచినప్పుడు పెట్టే మొహం పెట్టాడు.

“ఇదేంటి ఇక్కడ?”

“ఏం లేదన్నయ్యా. గోడే.”

“గోడ కాదు. ఇక్కడొకటుంది. వెచ్చగా ఉంది. మిరపకాయ కంటే ఇక్కడే ఎక్కువుంది.”

ఎరుపు అవతల కంటికి ఆనని వేడి వెలుగొకటి ఉంటుందని హైమకు తెలుసు. దాని కొలత కూడా తెలుసు, పిల్లలకు పాఠం కూడా చెప్పింది. ఎంత కళ్ళు చించుకుని చూసినా అక్కడ సున్నం రాలిన గోడ తప్ప ఆమెకేమీ కనిపించలేదు. ఏడూ తీసుకున్నాక కూడా అన్నయ్య దగ్గర ఒకటి మిగిలిపోయింది. అది తన చేతికి అందేది కాదు. ఆమె గోడకు నుదురు ఆనించి ఏడ్చింది, ఈసారి దాచుకోలేదు.

అతను వేలు అక్కడే ఉంచి, రెండో చేత్తో ఆమె భుజం కోసం తడుముకున్నాడు.

“నీకిది కనపడటల్లేదా?” అన్నాడు. “పోనీలే. నేన్చెప్తాలే.”

హైమ కళ్ళు తుడుచుకుని తన వేలు అతని చేతికిచ్చింది.